కారుకూ నగలేనా?

ఆడవాళ్లకు నగల పిచ్చి అంటూ ఎకసెక్కాలాడే మగమహారాజులారా, ఒక్కమాట!

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మరిది పండక్కి పామిడి వచ్చాడు, కొత్త స్పోర్ట్స్ కారులో. వెనక రెక్క, అద్దాలకు తొడుగులు, ముందు బంపరు కింద పట్టీ, అన్నీ నల్లగా, చాప అల్లికలా నిగనిగలాడుతున్నాయి. "కార్బన్ ఫైబర్ వదినా! ఎనభై వేలయింది. రేసు కార్లకు వాడేదిదే" అన్నాడు.

నిజమే. 1981లో మెక్‌లారెన్ వాళ్లు రేసుకారు చట్రాన్నే దీంతో కట్టారు. ఉక్కుకన్నా తేలిక గనక. అంటే బరువు తగ్గించడానికన్నమాట! ఉన్న బంపరుకే ఇంకో ముక్క అతికిస్తే బరువు తగ్గుతుందా అబ్బీ, పెరుగుతుందా? పైపూత దెబ్బతిన్నదంటే మన అనంతపురం ఎండకు పసుపుబారి వెలవెలబోతుంది కూడాను.

వాన మొహం చాటేసిన ఏడు చెనక్కాయ విత్తనాలకు దిక్కయింది మీ అమ్మ గాజులే. అవి బ్యాంకులో కుదువ పెట్టాకే మడక సాగింది. నీ కాలేజీ ఫీజుకూ అవే వెళ్లాయి. మరి ఈ నల్లరెక్కను ఏ బ్యాంకు కుదువ పెట్టుకుంటుంది?

సోకు చేసుకోవద్దనను. కానీ మగవాడిదైతే సరదా, ఆడదానిదైతే పిచ్చీనా? ఇకమీదట మా మెడలో గొలుసును వెక్కిరించే ముందు, కాస్త మీ కారు ఒంటిమీద నగలు లెక్కపెట్టుకోండి!