భూకంపానికి ముహూర్తం అడగవద్దు

మన పూర్వులు భూమికి ‘అచల’ అని పేరు పెట్టారు. కదలనిది అని దానికి అర్థం. ఆ అచల నిత్యమూ కదులుతూనే ఉన్నదని నేడు ఉపగ్రహాలు మిల్లీమీటర్లలో కొలిచి చెబుతున్నాయి. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ కొలతల భావాన్ని సరిగా గ్రహించడం అత్యవసరమని నా అభిప్రాయం.

అక్కడ పసిఫిక్ ఫలకం ఉత్తర అమెరికా ఫలకాన్ని ఒరుసుకొంటూ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు వాయవ్య దిశగా జరుగుతున్నది. ఒరిపిడి గల చోట శిలలు పట్టుకొని నిలిచిపోతాయి. దూరపు భూభాగం మాత్రం సాగిపోతుంది. నడుమనున్న శిల ఎక్కుపెట్టిన వింటివలె వంగి, పట్టు తప్పిన నాడు ఒక్కసారిగా సడలుతుంది. 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపానికి ముందూ వెనుకా జరిగిన భూమి సర్వేలను పోల్చి హెచ్.ఎఫ్. రీడ్ 1910లో ఈ సిద్ధాంతాన్ని వివరించారు.

నాడు సర్వేయర్లు కొండలెక్కి కొలిచిన దానిని నేడు జి.పి.ఎస్. కేంద్రాలు ఎడతెగక కొలుస్తున్నాయి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల రేడియో సంకేతాలను, నేలలో బలంగా పాతిన స్తంభాలపైనున్న యాంటెన్నాలు అందుకొంటాయి. కారులో దారి చూపే పరికరం కొన్ని మీటర్లు తప్పవచ్చు. ఈ కేంద్రాలు సంకేత తరంగపు దశనే కొలిచి, దినాల తరబడి సగటు తీసి, మిల్లీమీటర్ల మార్పును పట్టుకొంటాయి. ఏ భ్రంశం బిగుసుకొని ఉన్నదో, ఏది మెల్లగా జారుతున్నదో ఇలా తెలుస్తుంది.

ఎక్కడ అన్నది తెలిసినా, ఎప్పుడు అన్నది తెలియదు. శాన్ ఆండ్రియాస్ భ్రంశంపైనున్న పార్క్‌ఫీల్డ్ వద్ద 1993లోపు భూకంపం రాగలదని శాస్త్రజ్ఞులు అంచనా వేసి, పరికరాలు అమర్చి వేచియున్నారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది. అన్ని పరికరాల నడుమ వచ్చినా స్పష్టమైన ముందస్తు సూచన ఏదీ కానరాలేదు. 2019 నుండి కాలిఫోర్నియాలో సెల్‌ఫోన్లకు అందుతున్న హెచ్చరిక సైతం భూకంపం మొదలైన పిదప వచ్చేదే. దానివలన దక్కేవి కొన్ని సెకన్లు మాత్రమే.

మనవారు అధికంగా నివసించే ఫ్రీమాంట్ నగరం గుండా హేవర్డ్ భ్రంశం పోతున్నది. దానిపై చివరి పెద్ద భూకంపం 1868లో సంభవించింది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతంలో 2014 నుండి 30 సంవత్సరాలలో, 6.7 పరిమాణానికి తగ్గని భూకంపం ఒక్కటైనా రాగల అవకాశం 72 శాతమని అమెరికా భూగర్భ సర్వే అంచనా. ‘ఇంకా చాలా ఏళ్ళున్నాయి కదా’ అని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆ 30 ఏళ్ళు గడువు కాదు. అందులో ఏ రోజైనా ఆ రోజు కావచ్చును.

ఇల్లు కొనేముందు తూర్పు గుమ్మమా అని విచారిస్తాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టిస్తాం. ఇంటి చెక్క చట్రాన్ని పునాదికి బోల్టులతో బిగించారా అని ఎందరం అడుగుతున్నాం? వాటర్ హీటరును, పుస్తకాల బీరువాలను గోడకు బిగించడం ఒక ఆదివారపు పని. సాధారణ గృహబీమా భూకంప నష్టాన్ని భరించదు. దానికి వేరే పాలసీ కావాలి. స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులకు, ఇల్లు ఊగినపుడు బయటికి పరుగెత్తక బల్ల కింద దూరి గట్టిగా పట్టుకోవాలని వచ్చిన రోజే చెప్పాలి.

శాస్త్రజ్ఞులు తేదీ చెప్పలేకపోవడం శాస్త్ర వైఫల్యం కాదు. చోటు తెలిసి కూడా మనం సిద్ధపడకపోతే ఆ వైఫల్యం మనదే అవుతుంది.