పలకయు ఫోనును

మార్కాపురపు పలక యొకప్పుడు తెలుగునాట ఊరూరి బడికిని పోయెడిది. అయినను ఆ పలకలు చేసిన సీమలోనే, బుద్ధివికాసము కొఱవడిన బిడ్డచేతికి మాత్రము పలక నీయని యిండ్లుండెను. "వానికేమి తెలియును? పగులగొట్టును" అనుటయే కారణము. నేడదే మాట చేతి ఫోనును గూర్చి వినబడుచున్నది. దీనిని మేమొప్పుకొనజాలము.

గిద్దలూరు ప్రాంతమున మేమెఱిగిన యువకుడొకడు కలడు. అతనికి అక్షరములు పట్టుబడలేదు. అన్న పనికై హైదరాబాదు పోయినపుడు, వదినె యింటి ఫోనులో పేరులకు మాఱుగా ముఖచిత్రములు నిలిపినది. అన్న ముఖమును తాకిన అన్న పలుకును, ఇంతే విద్య. ఇది వచ్చుటకు రెండు నెలలు పట్టినది. వాట్సాపునందు 2013లో గొంతు సందేశములును, 2016లో ముఖము చూచి మాటాడు వీడియో కాలును వచ్చెను. చదువను వ్రాయను రానివానికి ఇవి యెంత మేలో, వ్రాయనేర్చిన మనకు సులభముగా తోచదు. అతడు పంపు సందేశమొక్కటే: "అన్నం తిన్నావా?" తిన్నానని అన్న ప్రతిరాత్రియు చెప్పును.

మేమును సభ్యులమైన యొక ప్రార్థనకూటపు గ్రూపునందు అతనిని చేర్చిరి. అక్కడను అదే ప్రశ్న, దినమునకు పదిమార్లు. విసిగి యొకరు తొలగించిరి. మేము చూచియు పలుకకుంటిమి. మూడు దినములు అతడు ఆ గ్రూపు బొమ్మనే తాకుచు కూర్చుండెనని తరువాత తల్లి చెప్పినది. దీనికి మేము సిగ్గుపడుచున్నాము.

ఇంతకంటె హీనమైన పని యొకటి కలదు, విద్యార్థులలో కొందఱెఱుగుదురు. ఇట్టివారిచే ఆడించి, పాడించి, వీడియో తీసి నలుగురికి పంపుట. పలకమీది గీత తడిగుడ్డతో పోవును, ఇది పోదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 92వ సెక్షను ప్రకారము, దివ్యాంగుని పదుగురియెదుట కావలెనని అవమానించిన వానికి ఆఱు నెలలకు తక్కువగాక ఐదేండ్లవఱకు కారాగారమును, జరిమానాయు కలవు.

తల్లిదండ్రుల భయము నిరాధారము కాదు. ఓటీపీ యడిగి సొమ్ము కాజేయు మోసగాండ్రు చదివినవారినే ముంచుచున్నారు. కావున ఆ ఫోనునకు బ్యాంకు ఖాతాను జతపఱుపరాదు. ఎఱిగినవారి నంబర్లే యుంచవలెను. అంతియేగాని ఫోను లాగికొనుట, బావిలో పడుదురని నీళ్లు మానిపించుట వంటిది. సికింద్రాబాదున 1984లో బౌద్ధిక వైకల్యము గలవారికై జాతీయ సంస్థ యొకటి స్థాపింపబడినది. (దాని పూర్వనామమున 'మానసిక వికలాంగులు' అను మాట యుండెడిది, దానిని మార్చిరి, మంచిదే.) ఏ పనినైనను చిన్నచిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు వచ్చువఱకు ఓపికతో చేయించు పద్ధతి యక్కడ నేర్పబడుచున్నది. ఆ వదినె యా సంస్థ పేరైనను వినలేదు, చేసినది మాత్రమదియే.

ఆ యువకుని మరల గ్రూపునందు చేర్పించితిమి. మొన్నటి రాత్రియు ప్రశ్న వచ్చినది. ఇద్దరు తిన్నామనిరి. మూడవ బదులు మాది.