గొడ్డలి తిరిగి వచ్చులోపల

కొన్ని దినములు నిలిచిపోయిన చెట్లు కొట్టు పని మా పాఠశాల దారిలో మరల ఆరంభమైనది. రంపములు, మోకులు పట్టుకొని లారీ దిగిన కూలీలను చూచి మన విద్యార్థులు కొందరు "చెట్లను చంపువారు వచ్చిరి" అని కేకలు వేసిరి. ఆ కూలీలలో మా తరగతి బాలుని తండ్రి ఒకడుండెను. బాలుడు తల వంచుకొనెను. ఆ దృశ్యము మమ్ము మిక్కిలి బాధించినది.

పని నిలిచిన దినములలో ఆ ఇంటికి కూలి లేదు. పని ఉన్న దినమున కొమ్మ యెటు విరుగునో, విద్యుత్తీగ యెక్కడ తగులునో అను భయము తప్పదు. ఏ చెట్టు పడవలెనో నిర్ణయించువాడు అతడు కాడు. అతడు వచ్చుసరికే మ్రానుపై అంకె వేయబడి యుండును. కోపము చూపవలసిన చోటును మరచి, చేతికందిన పేదవానిపై చూపుట విద్యావంతుల లక్షణము కాదు.

అశోకచక్రవర్తి దారుల కిరువైపుల చెట్లు నాటించెనని మేము ఏటేట పాఠము చెప్పుచున్నాము. వానిని కొట్టునపుడు ఎవరిని అడుగవలెనో మాత్రము చెప్పుట లేదు. ఇది మా లోపమే. కర్ణాటకమున 1976వ సంవత్సరపు వృక్షసంరక్షణ చట్టము కలదు. దాని ప్రకారము చెట్టు కొట్టుటకు వృక్షాధికారి అనుమతి కావలెను. కావున మనము మాటలాడవలసిన వేళ గొడ్డలి పడిన పిమ్మట కాదు, దానికి ముందు.

హైదరాబాదునుండి బీజాపురమునకు పోవు దారిలో, చేవెళ్ళ ప్రాంతమున సుమారు 900 మఱ్ఱిచెట్లు కలవు. దారిని వెడల్పు చేయబూనగా వృక్షప్రేమికులు జాతీయ హరిత న్యాయస్థానము నాశ్రయించిరి, పని నిలిచెను. ఆ విరామమును వారు వృథా చేయలేదు. చెట్లను లెక్కించిరి, వేరు ఉపాయములు సూచించిరి. తుదకు పెక్కింటిని ఉన్నచోటనే ఉంచి, మిగిలినవానిని పెకలించి వేరొకచోట నాటుటకు నిర్ణయము జరిగి, 2025 చివర పనికి దారి ఏర్పడెను. అయితే ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీన అదే దారిలో బస్సును లారీ ఢీకొని 20 మంది వరకు మరణించిరి. దారి వెడల్పు కావలెనని మొరపెట్టువారి దుఃఖమును గూడ మనము త్రోసివేయరాదు. చెట్టును రక్షించు విచారణ త్వరగా ముగియవలెను. మనుష్యుని ప్రాణము దానికి వెల కారాదు.

మన పొరుగున మాగడి తాలూకాలో హులికల్లు, కుదూరుల నడుమ సాలుమరద తిమ్మక్క భర్తతో కూడి మఱ్ఱిమొక్కలు నాటి, కడవలతో నీరు మోసి పెంచెను. చదువు లేని ఆమెకు 2019లో పద్మశ్రీ లభించెను. ఆ యేటనే దారి విస్తరణవలన ఆ చెట్లకు ముప్పు రాగా, ఆమె స్వయముగ ముఖ్యమంత్రికి విన్నవించుకొని వానిని కాపాడుకొనెను. ఆమె 2025లో కన్ను మూసెను. ఆ నీడ మాత్రము నిలిచియున్నది.

విద్యార్థులారా, మన యూరినుండి హిందూపురము వైపు పోవు దారిలో మీ మీ గ్రామముల చెట్లను లెక్కింపుడు. మఱ్ఱిని ఆలదమరమనియు, చింతను హుణసెయనియు, కానుగను హొంగెయనియు రెండు భాషలలోను పేర్లు వ్రాయుడు. చుట్టుకొలత గుర్తింపుడు. అవసరమైననాడు అర్జీ కన్నడమున వ్రాయవలసియుండును. అందులకు సిగ్గుపడకుడు, అదియు మన నేల భాషయే. తల్లిదండ్రులారా, ఆ అర్జీపై మీరు ముందుగా చేవ్రాలు చేయుడు.

మరునాడు ఆ కూలీలకు మన పిల్లలు కుండతో మంచినీరు తీసికొనిపోయిరి. నీరు పోసినవారిలో ఆ బాలుడు గూడ ఉండెను. ఈసారి అతడు తల వంచుకొనలేదు.