మనకు ఓటు లేని ఎన్నిక
2022 జులైలో, రాష్ట్రపతి ఎన్నికప్పుడు, సీతంపేట సంతలో అనాసపళ్లమ్మే సవర ముసలాయన అడిగాడు: “ముర్ము మన కొండోల మనిసట గదా బాబూ, ఓటెప్పుడెయ్యాల?” మనకు లేదు, ఎమ్మెల్యేలూ ఎంపీలే వేస్తారన్నాను. “మరి టీవీలో ఆ గోలేటి?” నిజమే. వైసీపీ, తెలుగుదేశం రెండూ ఆమెకే జై కొట్టాక మన రాష్ట్రంలో పోటీ ఎక్కడిది? చెప్పాల్సిన కథ పక్కనే ఉంది. 1957 లోక్‌సభ ఎన్నికల్లో, ఒక జనరల్ సీటూ ఒక గిరిజన రిజర్వుడు సీటూ ఉన్న పార్వతీపురం ద్విసభ్య స్థానంలో వి.వి. గిరిని ఓడించి జనరల్ సీటు పట్టుకుపోయింది గిరిజనుడైన డిప్పల సూరిదొర. గిరి సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1959లో అక్కడా ఓడారు; మరో పదేళ్లకు నీలం సంజీవరెడ్డి మీద గెలిచి రాష్ట్రపతయ్యారు. నేను చూసినంతలో ఒక్క యాంకరూ ఆ ఊసెత్తలేదు. ముసలాయన మాత్రం అంతా విని, పండు ముక్కకు ఉప్పద్ది నా చేతిలో పెట్టాడు.