సూరత్ వార్తను ఎవరు వడ్డించాలి?

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ ఎన్నిక పోలింగ్ లేకుండానే ముగిసింది. కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది, మిగిలినవారు ఉపసంహరించుకున్నారు, బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అది సక్రమమే. అయితే ఓటరుకు 'నోటా' మీట నొక్కే అవకాశం సైతం దక్కలేదు.

అదే నగరంలో మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలున్నాయి. నగరం సంగతులు వారికి గుజరాతీలో, సొంతూరి కబుర్లు తెలుగులో, ఢిల్లీ రాజకీయం హిందీలో అందాలి. ఈ మూడింటినీ ఒకే తెరపై, పాఠకుడు కోరిన వరుసలో పేర్చేదే వ్యక్తిగత ప్రారంభ పేజీ.

2005లో మొదలైన ఐగూగుల్ సులువైనది. వెతుకులాట పెట్టె కిందే వార్తల గళ్లుండేవి. అదే ఏడాది వచ్చిన నెట్‌వైబ్స్‌లో అంశానికో ట్యాబు పెట్టుకోవచ్చు. పది, ఇరవై పత్రికలు చదివేవారికి నా దృష్టిలో అదే మేలు. కానీ ఐగూగుల్‌ను 2013లో, నెట్‌వైబ్స్‌ను 2025లో యజమానులే మూసివేశారు.

కనుక హంగులు చూసి పేజీని ఎంచుకోరాదు. మన ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా వెంట తీసుకుపోనిస్తుందా అన్నదే గీటురాయి. ఆ జాబితా మన చేతిలో లేనినాడు ఏ వార్త ముందు, ఏది వెనుక అన్నది కంపెనీల అల్గోరిథమే తేలుస్తుంది. ఓటు వేసే అవకాశం పోతే కనీసం వార్తగా తెలిసింది. ఎంచి చదివే అవకాశం పోతే ఆ సంగతీ తెలియదు.