పుకారు కంటే ముందే మేలుకో, పరవాడ!

పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు దిగే వేళ గేట్ల దగ్గర నిలబడితే మన తెలుగుతో పాటు ఒడియా, హిందీ, బెంగాలీ వినబడతాయి. ఒకే గదిలో సర్దుకుని, వంతులేసుకుని వండుకుని, వంతులేసుకుని నిద్రపోయే ఈ వలస కుర్రాళ్లందరికీ ఊళ్లో ఒకటే పేరు: "హిందీవోళ్లు". అద్దెకిచ్చిన ఇంటాయనకు వాళ్లను తెచ్చిన మేస్త్రీ నంబరు తెలుసు గానీ వాళ్లది ఏ ఊరో చాలాసార్లు తెలియదు. ముప్పు సరిగ్గా ఇక్కడే ఉంది.

2018 మే గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్ కూస్తే, తెలుగు పల్లెలు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. ఆమె ఏ పరదేశం మనిషీ కాదు, పాలమూరు వైపు నుంచి భిక్షకు వచ్చింది. అదే ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని రాయిన్‌పాడాలో అయిదుగురు సంచారజాతి వాళ్లను అలాంటి పుకారుతోనే పంచాయతీ ఆఫీసులో వేసి కొట్టి చంపారు. 2023 మార్చిలో తమిళనాడులో బీహారీలను చంపేస్తున్నారంటూ దొంగ వీడియోలు తిరిగితే, అక్కడి వలస కూలీలు హడలిపోయారు. అలాంటి మెసేజ్ రేపు పరవాడ గ్రూపుల్లో పడితే? "బంగ్లాదేశీ" అన్న ముద్ర ఎవరి మీదైనా పడితే?

స్థానికుల బాధ అబద్ధం కాదు. భూములిచ్చిన ఊళ్లకు ఉద్యోగాలు దక్కలేదన్న కోపం పాతదే. నూటికి 75 కొలువులు స్థానికులకే అని 2019లో చట్టం చేసిందీ అందుకే. కానీ ఆ లెక్క కంపెనీతో, కాంట్రాక్టరుతో తేల్చుకోవాలి. నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఒడిశా కుర్రాడితో కాదు. 2024 ఆగస్టులో ఇదే ఫార్మాసిటీలో జరిగిన ప్రమాదంలో కాలినవాళ్లలో జార్ఖండ్ కార్మికులూ ఉన్నారు, విజయనగరం మనిషీ ఉన్నాడు.

దారి చూపిన ఊరొకటి ఉంది. ముంబై పక్కన భివండీ. మన పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపే చోటు. 1970లో, 1984లో హిందూ ముస్లిం అల్లర్లతో తగలబడిన ఊరది. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే వీధివీధికీ మొహల్లా కమిటీలు వేయించారు. రెండు మతాలవాళ్లూ నీళ్ల గొడవల నుంచి ఊరేగింపు దారుల దాకా కూర్చుని మాట్లాడుకునేవారు. 1992 డిసెంబరులో ముంబై అంటుకున్నప్పుడు భివండీ ప్రశాంతంగా ఉంది. గమనించండి, ఆ కమిటీలు పుట్టింది గొడవ రేగాక కాదు, నాలుగేళ్ల ముందు.

మన దగ్గర రామతీర్థంలో రాముడి విగ్రహం ధ్వంసమైన ఘటన తర్వాత, 2021 జనవరిలో, ప్రభుత్వం రాష్ట్ర స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ మత సామరస్య కమిటీలు వేసింది. మంచిదే. కానీ పుకారు జిల్లా కేంద్రంలో ఆగదు, సందుల్లోకి వస్తుంది. చవితి ముందురోజు స్టేషన్లో టీ తాగి లేచే శాంతి సమావేశం దానికి చాలదు.

పరవాడ, లంకెలపాలెం, తాడి ఊళ్లలో ఈ పండుగల సీజనుకు ముందే కమిటీలు పడాలి. సర్పంచ్, గుడి పెద్ద, మసీదు పెద్ద, పాస్టరు, డ్వాక్రా మహిళలు, ఆటో స్టాండు కుర్రాళ్లు, యూనియన్ నాయకులు అందులో ఉండాలి. ముఖ్యంగా ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడేవాళ్ల నుంచి ఒక్కొక్కరైనా ఉండి తీరాలి. వాళ్లు లేని కమిటీ దండగ. ఏ మెసేజ్ వచ్చినా ఎవరు ఎవరికి ఫోన్ చేసి నిజం కనుక్కోవాలో ముందే తేల్చుకోవాలి.

చేయి చేసుకోబోయేవారికి ఒక్క మాట. అయిదుగురో అంతకుమించో కలిసి భాష, పుట్టిన ప్రాంతం, కులం వంటి కారణాలతో మనిషిని చంపితే, భారతీయ న్యాయ సంహిత 103(2) కింద ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం. అనుమానం వస్తే 112కు ఫోన్ చేయండి. కర్ర ముట్టుకోవద్దు, ఆ మెసేజ్‌ను ఫార్వార్డ్ చేయొద్దు.