నల్లి అంటే ఏ నల్లి?

భిలాయి ఉక్కు కర్మాగారానికి దశాబ్దాలపాటు సున్నపురాయి పంపిన గనుల ఊరు నందిని. తవ్వి వదిలేసిన ఆ నేలలో ఇప్పుడు చెట్లు పెంచుతున్నారు. కుర్రతనంలో శ్రీకాకుళం నుంచి వచ్చి, ఉక్కు కొలువులోనే రిటైరైన ఒక పెద్దాయనతో ఆ చెట్ల మధ్య నడుస్తున్నాను. ఆయన ఒక ఆకు తిప్పి చూపించారు. బియ్యపు గింజంత గోధుమరంగు పురుగు. "దీని పేరేటి బాబూ?" అన్నారు. రాజనీతి శాస్త్రం చదువుకున్న నాకు తోచింది ఒక్కటే మాట: "ఏదో నల్లి." ఆయన నవ్వారు. "నల్లి మంచంలో ఉంటాది గదా?"

నిజమే. తెలుగులో నల్లి అన్న మాట మోయలేనంత బరువు మోస్తోంది. మంచంలో రక్తం తాగేది నల్లి. పత్తి కొమ్మల మీద తెల్లగా పేరుకునేది పిండినల్లి. ఆకు అడుగున సాలెగూడు అల్లే ఎర్రనల్లి అసలు కీటకమే కాదు, ఎనిమిది కాళ్ల సాలీడుకు దగ్గరి చుట్టం. దానికి కొట్టే మందు వేరు, కీటకానికి కొట్టే మందు వేరు. ఇవి చాలనట్టు మిరిడ్ నల్లులు. మొక్కల మీద బతికే ఈ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా ఇప్పటికి 11 వేలకు పైగా జాతులకు పేర్లున్నాయి. పేరు లేనివి ఇంకెన్నో.

మిరిడ్ అని పోల్చుకోవడం కష్టం కాదు. ముందు రెక్కలో తోలులాంటి భాగం ముగిసేచోట, కత్తిరించి అతికినట్టు చిన్న ముక్కోణం ఉంటుంది. చాలా కీటకాల తలపై కనిపించే చుక్కల్లాంటి అదనపు కళ్లు వీటిలో దాదాపు దేనికీ ఉండవు. అక్కడికి కుటుంబం తెలుస్తుంది. ఏ జాతో తేల్చడంలోనే ఉంది తిప్పలంతా. రంగును నమ్మలేం, ఒకే జాతిలో లేతవీ ముదురువీ ఉంటాయి. కాళ్లు, మీసాలు ముట్టుకుంటే ఊడతాయి. చివరికి మగ పురుగు పొట్ట కొసను కోసి, క్షారంలో నానబెట్టి, కండ కరిగాక మిగిలే జననాంగాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి బొమ్మ గీయాలి. జాతికీ జాతికీ తేడా ఎక్కువగా దాని మెలికల్లోనే బయటపడుతుంది. ఆడ పురుగు ఒక్కటే దొరికితే పండితులు కూడా చాలాసార్లు చేతులెత్తేస్తారు. కొత్త జాతి అని తేలితే ఒక నమూనాను ఎంచి, ఆ పేరుకు సాక్షిగా భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా చూడాల్సింది దాన్నే. డీఎన్ఏ పరీక్షలుండగా ఇదంతా ఎందుకనే వారున్నారు. పోల్చి చూడటానికి పేరున్న నమూనా లేకపోతే డీఎన్ఏ ఉత్త అక్షరాల వరుస.

మన నల్లులకు అలా పేర్లు పెట్టిన వారిలో విలియం లూకాస్ డిస్టాంట్‌ది పెద్ద చెయ్యి. తిమింగలాల వేట ఓడ కెప్టెన్ కొడుకు. చాలాకాలం లండన్‌లో తోళ్ల శుద్ధి కర్మాగారంలో పనిచేశాడు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో 1902 నుంచి 1918 వరకు ఈ వర్గం మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. ఆయన సేకరణలో ఉన్న దాదాపు 50 వేల నమూనాలను 1920లో బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. మన చేలో పురుగుకు సాక్ష్యం లండన్‌లో ఉండటం మనసుకు నచ్చేది కాదు గానీ, ఉందన్నదే మేలు.

ఎందుకంటే 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. శనగపచ్చ పురుగుకు కొట్టే మందులు తగ్గాయి. అంతవరకూ ఆ మందుల దెబ్బకే అణిగి ఉన్న రసం పీల్చే పురుగులకు ఊపిరాడింది. కొన్నేళ్లకే కర్ణాటకలో హావేరి వైపు గూడ, లేత కాయలు రాలిపోవడం మొదలైంది. గూడ రాలడానికి వాన కారణం కావచ్చు, పోషకాల లోపం కావచ్చు, పురుగు కావచ్చు. రైతు దేనికి ఖర్చు పెట్టాలి? ఆ పురుగు క్రియాన్షియాడెస్ బైసెరాటెన్స్ అని తేలింది. సుమారు వందేళ్ల కిందట డిస్టాంట్ పేరు పెట్టినదే. చైనాలోనూ బీటీ పత్తి వచ్చాక మరో మిరిడ్ నల్లి పత్తి దాటి పండ్లతోటల మీద పడిందని 2010లో సైన్స్ పత్రిక ప్రచురించింది.

అదే కుటుంబంలో ఇంకొకటి మన వరిచేలకు కాపలాదారు. సిర్టోరైనస్ లివిడిపెన్నిస్ అనే ఈ చిన్న పచ్చ నల్లి సుడిదోమ గుడ్లను పీల్చేస్తుంది. పచ్చగా కనబడింది కదా అని పచ్చదోమ కింద జమకట్టి మందు కొడితే ముందు చచ్చేది ఇదే. ఆ తర్వాత సుడిదోమకు అడ్డేది?

ఇక అరుదైన జాతి అన్న మాట. ఒకటి రెండు నమూనాలే ఉంటే అరుదు అంటాం. అది పురుగు లెక్కో, వెతికిన మనుషుల లెక్కో చెప్పడం కష్టం. వెతికేవారు తగ్గుతున్నారన్నదే నా అనుమానం. ఏళ్లకేళ్లు ఒకే కుటుంబం మీద కూర్చుని పురుగు పొట్టలు కోసే పనికి ఉద్యోగం ఎవరిస్తారు? కొత్త జాతి కనుగొన్న వారెవరైనా ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలిపి, నమూనా అప్పగించాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతోంది. 1916లో ఏర్పడిన జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి భాండాగారమే. చట్టం అల్మారా చూపించగలదు. అందులో పెట్టాల్సింది ఏమిటో చెప్పే మనిషిని తయారుచేయలేదు.

పెద్దాయనకు ఇదంతా ఫోన్‌లో చెబితే, పట్టి పంపితే పేరు చెబుతారా అని అడిగారు. పురుగుతోపాటు దొరికిన చోటు, తేదీ, ఏ మొక్క మీదో రాసిన చీటీ ఉండాలి, చీటీ లేని నమూనాకు విలువ లేదు అన్నాను. ఆయన ఆ చెట్టు ఏదో గుర్తు పెట్టుకున్నారట. నా దగ్గరున్నది ఆ రోజు తీసిన ఫొటో ఒక్కటే. అందులో రెక్క మీది ముక్కోణం కూడా సరిగా కనిపించడం లేదు.